వ్యాపార లేఖ: పుస్తకం నుంచి పలాస దాకా

ప్రశ్న: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల బి.కాం. తరగతుల్లో వ్యాపార సంభాషణ బోధనకు ఫోన్లు, ప్రొజెక్టరు ఎలా ఉపకరిస్తాయి?

జవాబు: ధర విచారించడం, కొటేషన్ ఇవ్వడం, ఫిర్యాదుకు బదులివ్వడం వంటి పనులను మాటతోనో రాతతోనో నెరవేర్చే నేర్పే వ్యాపార సంభాషణ గనుక, నమూనా లేఖలను కంఠస్థం చేయిస్తే అది అలవడదు. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లాలోని పలాస జీడిపప్పు వ్యాపారాన్నే పాఠంగా తీసుకోవచ్చు. డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అనే గ్రేడుల్లో అక్షరం విరగని పూర్తి పప్పును, అంకె ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, తూగే పప్పుల గరిష్ఠ సంఖ్యను తెలుపుతాయి. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దదవుతుంది. ఈ సంగతి తెలియని విద్యార్థి ఎంత చక్కని ఇంగ్లీషులో రాసినా ఆ కొటేషన్ కొనుగోలుదారుకు పనికిరాదు.

తరగతిలో సగంమంది వర్తకులుగా, సగంమంది కొనుగోలుదారులుగా బేరమాడే పద్ధతిని పాత్రపోషణ అంటారు. ఆ సంభాషణను ఫోనులో రికార్డు చేసి మళ్లీ వినిపిస్తే, ఎక్కడ తడబడ్డారో, ఏ షరతు చెప్పడం మరచారో విద్యార్థులే గుర్తిస్తారు. ఆ తర్వాత అదే బేరాన్ని ఈమెయిలుగా రాయించి, ప్రొజెక్టరుపై అందరి ఎదుట దిద్దాలి, అయితే రాసినవారి పేరు తొలగించడం తప్పనిసరి. ఫోన్లు చాలకపోతే నలుగురికి ఒకటి సరిపోతుంది. మొదటి బేరం తెలుగులో, ఉత్తరాంధ్ర యాసలోనే సాగనివ్వడం మేలు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ గిరిజన పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాసిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పుట్టిన గడ్డపై ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.