ఆర్‌సీటీకి ముందు చెప్పవలసిన మాటలు

అమ్మలూ,

వచ్చే వారం నుంచి కన్సర్వేటివ్ డిపార్ట్‌మెంటులో పోస్టింగ్ అనీ, ఇక పేషెంట్లకు నువ్వే రూట్ కెనాల్ చికిత్స (ఆర్‌సీటీ) మొదలుపెట్టాలనీ రాశావు. సంతోషం. ఫైలు పట్టుకోవడం, కెనాల్ కొలత తీయడం మీ సార్లు, మేడమ్‌లు దగ్గరుండి నేర్పుతారు. నేను చెప్పదలచుకున్నది అంతకు ముందు జరగవలసిన పని గురించి. ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో అర్థమైన మనిషి చివరి సిట్టింగ్ దాకా వస్తాడు. అర్థంకాని మనిషి నొప్పి తగ్గగానే రావడం మానేస్తాడు. అక్కడితో నీ శ్రమా, ఆ పన్నూ రెండూ పోతాయి.

చాలామంది ముందుగా అడిగే ప్రశ్న ఇది: "మొన్నటిదాకా ప్రాణం తీసింది డాక్టరమ్మా, ఇప్పుడు తగ్గిపోయింది. ఇంకా ఆర్‌సీటీ ఎందుకు?" దీనికి ఓపిగ్గా జవాబు చెప్పు. పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉన్న గుజ్జు ఉంటుంది. పుచ్చు ఎనామిల్, డెంటిన్ దాటి గుజ్జును చేరితే అది వాస్తుంది. చుట్టూ గట్టి గోడలే కనుక ఆ వాపుకు సాగే చోటు ఉండదు. అందుకే అంత సలుపు. పడుకుంటే తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి ఆ సలుపు ఇంకా ఎక్కువవుతుంది. చన్నీళ్లు తగిలినప్పుడు క్షణంసేపు జివ్వుమని ఆగిపోయే పన్నుకు చాలాసార్లు సిమెంటుతో సరిపోతుంది. చల్లదనం పోయాక కూడా చాలాసేపు వదలని నొప్పి, అర్ధరాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే గుజ్జు ఇక కోలుకోదని అర్థం. అలాంటి నొప్పి వైద్యమేమీ లేకుండానే ఆగిపోయిందంటే గుజ్జు చచ్చిపోయి ఉండవచ్చు. నొప్పి చెప్పే నరం పోయింది, క్రిములు మాత్రం అక్కడే ఉన్నాయి. అవి వేరు చివర నుంచి ఎముకలోకి పాకుతాయి. మాటలతో ఆపకుండా ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, వేరు చివర నల్లటి మచ్చ కనిపిస్తే వేలు పెట్టి చూపించు. మన మాట నమ్మనివాళ్లు కూడా ఆ మచ్చను నమ్ముతారు.

రెండోది, ఆర్‌సీటీ బదులు మాత్రలు రాయమనే కోరిక. యాంటీబయాటిక్ రక్తంలో కలిసి ప్రయాణిస్తుంది. చచ్చిన గుజ్జులో రక్తమే పారదు, ఇక మందు ఎలా చేరుతుంది? ముఖం వాచినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు మాత్రలు అవసరమే. అప్పుడైనా లోపల శుభ్రం చేయక తప్పదు. 1965లో అమెరికాలో కాకెహాషి, ఆయన సహచరులు చేసిన ప్రయోగం నువ్వు చదివే ఉంటావు. ఎలుకల పళ్లకు రంధ్రం చేసి గుజ్జును బయటపెట్టి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లిపోయింది. ఏ క్రిమీ సోకకుండా పెంచిన ఎలుకల్లో, తిండి ఇరుక్కున్నా గుజ్జు బతికి గాయం మీద కొత్త డెంటిన్ కట్టింది. మన పోరాటమంతా క్రిములతోనే అని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. రబ్బర్ డ్యామ్ కట్టేదీ, హైపోక్లోరైట్‌తో మళ్లీ మళ్లీ కడిగేదీ, చివరికి గట్టాపెర్చాతో ఖాళీ లేకుండా నింపేదీ అందుకే. పై దవడలో మొదటి పెద్ద పన్నుకు నాలుగో కెనాల్ ఉండడం మామూలే. మూడు దొరికాయి కదా అని ఆగకు, వెతుకు. వదిలేసిన కెనాల్లో క్రిములు మిగిలిపోతాయి.

ఇంట్లో చేసుకున్న వైద్యాల గురించి అడిగినప్పుడు కోప్పడకు. లవంగ నూనె కాసేపు ఉపశమనం ఇస్తుంది, అంతే. ఆస్పిరిన్ బిళ్ల పన్ను పక్కన పెట్టుకుంటే చిగురు కాలుతుంది. జిల్లేడు పాలు అసలు వద్దని గట్టిగా చెప్పు. పై పన్ను జోలికి వెళ్తే చూపు పోతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ వస్తారు. చూపుకు వేరే నరం, పంటికి వేరే నరం అని చెప్పి వాళ్ల భయం తీర్చు.

ఇంజెక్షన్ భయం మాత్రం నిజమైనదే. గుజ్జు బాగా వాచిన కింది దవడ పన్ను ఒక్క ఇంజెక్షన్‌కు మొద్దుబారకపోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పు. "నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను" అను. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ నిజంగా ఆపు. బీపీ, షుగర్, గర్భం, రక్తం పలచబడే మందుల సంగతి ముందే కనుక్కో. ఆ మందులు రాసిన డాక్టరును అడగకుండా వాటిని ఆపవద్దని కూడా చెప్పు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మొద్దుబారినది వదిలేదాకా ఏమీ నమలకూడదు, పెదవి కొరుక్కుంటారు. కొన్ని రోజులు నమిలేటప్పుడు కాస్త నొప్పి ఉండడం సహజం. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా రాత్రయినా సరే ఆసుపత్రికి రావాలి. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు కొన్ని వారాలకే. అది అరిగితే ఉమ్ముతోపాటు క్రిములు మళ్లీ లోపలికి చేరతాయి.

ఇక క్యాప్. డబ్బు దగ్గర జనం ఆగిపోయేది ఇక్కడే. దవడ పన్నులో పుచ్చు తిన్నంత తిన్నాక, మనం దారి చేసుకున్నాక మిగిలే గోడలు నమిలే బరువుకు పగులుతాయి. ఆర్‌సీటీ అయిన పళ్ల మీద 2002లో అక్విలినో, కాప్లాన్ ప్రచురించిన అధ్యయనంలో, క్యాప్ వేసినవాటికంటే వేయనివి ఆరు రెట్లు ఎక్కువగా పోయాయి. ముందు పళ్లకు గోడలు బాగుంటే కొన్నిసార్లు ఫిల్లింగ్ చాలు. క్యాప్ అవసరమైతే దానితో కలిపి మొత్తం ఖర్చు, ఎన్నిసార్లు రావాలన్నది మొదటి రోజే చెప్పు. సగంలో బయటపడే ఖర్చు పేదవాణ్ణి మోసపోయానని అనుకునేలా చేస్తుంది. వేరు నిలువునా చీలిన పన్నయితే ఆర్‌సీటీ పేరెత్తకు, పీకించుకోవడమే మేలని నిజం చెప్పు.

చివరగా ఒక అలవాటు చేసుకో. అన్నీ చెప్పాక "అర్థమైందా?" అని అడగకు, అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లి మీవాళ్లకు ఏం చెబుతారు?" అని అడుగు. మళ్లీ ఎప్పుడు రావాలో, క్యాప్ ఎందుకో వాళ్ల మాటల్లో చెప్పగలిగితే ఫైలు చేతిలోకి తీసుకో. చెప్పలేకపోతే ఇంకోసారి మొదటినుంచి చెప్పు. ఆ ఐదు నిమిషాలు కూడా వైద్యమే.

ఇట్లు
పెద్దమ్మ