తాళం తిప్పినా కారు పలకలేదా?

గేరులో ఉన్న జీపుకు తాళం తిప్పితే ఒక్కసారి ముందుకు గెంతుతుంది కదా! అమెరికాలో 1964లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ కారును ఆటోమేటిక్ గేరుతో కూడా అమ్మారు. దానికి క్లచ్ పెడల్ ఉండదు. అందుకే గేరు లివరు 'పి' అంటే పార్కులో గాని, 'ఎన్' అంటే న్యూట్రల్‌లో గాని ఉంటేనే స్టార్టరుకు కరెంటు పోయేలా ఒక స్విచ్ పెట్టారు. అదే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్.

ఇలాంటి పాత కారులో అది చెడిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

1. హెడ్‌లైట్లు బాగా వెలుగుతున్నా, తాళం తిప్పితే చప్పుడే రాకపోతే స్విచ్‌ని అనుమానించాలి.

2. బ్రేకు తొక్కిపట్టి, లివరును 'ఎన్'లో పెట్టి తాళం తిప్పాలి. 'పి'లో పలకని బండి 'ఎన్'లో పలికితే, స్విచ్ కాస్త జరిగిందన్నమాట. బోల్టులు వదులు చేసి సర్ది, మళ్ళీ బిగించాలి.

3. రెండింటిలోనూ పలకలేదా? లివరు 'పి'లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. స్విచ్‌కి వచ్చే రెండు స్టార్టరు వైర్లను చిన్న తీగతో కలపాలి. అప్పుడు స్టార్టయితే లోపం స్విచ్‌దే. కాకుంటే రిలే, స్టార్టరు, మిగతా వైర్లు చూడాలి.

జాగ్రత్త! పని జరిగిపోతోందిగా అని కొందరు ఆ తీగను అలాగే వదిలేస్తారు. అప్పుడు బండి గేరులో ఉన్నా స్టార్టవుతుంది, ఎదురుగా నిలబడ్డ మనిషి మీదికి పోతుంది. తీగ తీసేసి కొత్త స్విచ్ వేయాలి.

ఆఖరున బ్రేకు గట్టిగా తొక్కి, ముందుకు పోయే గేరులోనూ, రివర్సులోనూ తాళం తిప్పి చూడాలి. స్టార్టు కాకపోతేనే రిపేరు సరిగ్గా అయినట్టు!