బైండోవర్ అంటే శిక్షా?



ఎన్నికలు దగ్గర పడ్డాయంటే మన ఊళ్లలో వినిపించే మాట బైండోవర్. యాదగిరిగుట్ట మండలమైనా, పక్క మండలమైనా పాత తగాదాల్లో పేరున్నవారిని, నాటుసారా కేసులున్నవారిని తహసీల్దారు ముందు హాజరు పరుస్తారు. ఇంటికొచ్చి "తహసీల్దారు సారు శిక్ష వేసిండు" అంటారు. అది మన ఉద్యోగానికి అడ్డమొస్తుందేమోనని హాస్టల్లో మనం భయపడతాం. స్కూలు రోజుల్లో మాకూ ఆ భయం ఉండేది. ఇందులో నిజమెంతో తెలుసుకుందాం.

మేజిస్ట్రేట్లు రెండు రకాలు. జుడీషియల్ మేజిస్ట్రేటు హైకోర్టు అజమాయిషీలో పనిచేసే న్యాయాధికారి. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు సాధారణంగా రెవెన్యూ అధికారి. ఆయనకు లా పట్టా ఉండాలన్న నియమం లేదు. తహసీల్దారు ఈ రెండో రకం. ఇంగ్లాండులో లా చదవని పౌరులే మేజిస్ట్రేట్లుగా కూర్చుని జైలుశిక్ష కూడా వేస్తారు. మన దగ్గర అలా కాదు. హైదరాబాదు రాజ్యంలో 1921లోనే ఏడవ నిజాం ఫర్మానాతో న్యాయశాఖను రెవెన్యూ నుంచి వేరు చేశారు. దేశమంతటికీ ఈ విభజనను 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తెచ్చింది. అది 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైంది.

2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులోని 23వ సెక్షను ప్రకారం చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష వేయవచ్చు. మొదటి తరగతి మేజిస్ట్రేటు 3 సంవత్సరాల జైలు, 50,000 రూపాయల జరిమానా వరకు, రెండవ తరగతి మేజిస్ట్రేటు 1 సంవత్సరం జైలు, 10,000 జరిమానా వరకు వేయవచ్చు. ఈ సెక్షనులో తహసీల్దారు పేరే లేదు.

మరి తహసీల్దారు ఏం చేయగలరు? ఇకముందు గొడవ చేయనని బాండు రాయించుకోగలరు. శాంతిభద్రతల కోసమైతే 1 సంవత్సరం, అలవాటుగా నేరాలు చేసేవారని తేలితే 3 సంవత్సరాల వరకు దాని గడువు. ఇది ముందుజాగ్రత్తే గాని నేరం రుజువైనట్టు కాదు. అయితే తేలికగా తీసుకోరాదు. బాండును ఉల్లంఘించినట్టు రుజువైతే మిగిలిన గడువంతా జైల్లో ఉండవలసి రావచ్చు.

కాబట్టి మన పెద్దలకు ఈ నాలుగు మాటలు చెబుదాం.

1. ఏ సమాచారం మీద పిలిచారు, బాండు మొత్తమెంత, ఎంత కాలం, జామీనుదార్లు ఎందరు అన్నవి రాతపూర్వకంగా ఇవ్వాలి.

2. చదివించుకోనిదే సంతకం గాని, వేలిముద్ర గాని వేయరాదు.

3. మన మాట చెప్పుకునే హక్కుంది. విచారణ జరగాలి. ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

4. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100.

ఇక ఉద్యోగం సంగతి. నాన్న మీద ఉన్న బైండోవర్ మన నేరం కాదు. మన మీదే ఉండి, అటెస్టేషన్ ఫారంలో అడిగితే మాత్రం దాచకుండా రాయాలి. ఉద్యోగార్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బైండోవర్ కన్నా దాన్ని దాచడమే ఎక్కువ నష్టం తేవచ్చు.

మన ఇళ్లలో కాగితం చదవగలిగిన మొదటివాళ్లం మనమే. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పెట్టెలో ఉన్న ఆ బాండు కాగితం తీసి, అమ్మానాన్నలకు చదివి వినిపిద్దాం.