నిద్ర మేల్కొన్న భాష

ఆస్ట్రేలియా ఖండమునకు దక్షిణభాగమున, సముద్రతీరమునకు చేరువగా, అడిలైడు అను నగరము కలదు. ఆంగ్లేయులు 1836వ సంవత్సరమున అచ్చట తమ వలసరాజ్యమును స్థాపించిరి. అయితే అంతకు పూర్వము ఆ మైదానము నిర్జనమై యుండలేదు. కౌణ యను జాతివారు ఎన్నియో తరములుగా అచ్చట నివసించుచుండిరి. నగరమున్న తావును వారు తంటన్య యని పిలిచెడివారు. ఎఱ్ఱ కంగారుల తావు అని దాని కర్థము.

ఈ జాతి పేరును రోమను లిపిలో వ్రాయునపుడు ఆర్, ఎన్ అను రెండక్షరములను జతపఱతురు. ఆ రెండును కలిసి తెలుపు ధ్వని మన ణకారమే. ట, ణ, ళ ధ్వనులు మనకువలెనే వారికిని కలవు. రోమను లిపిలో వీనికి ప్రత్యేకాక్షరములు లేవు గాని తెలుగు లిపిలో నా చిక్కు లేదు. ఇంతమాత్రమున రెండు భాషలకు చుట్టఱికము కలదని భ్రమపడరాదు.

1788లో ఆంగ్లేయులు మొదట ఆస్ట్రేలియాలో కాలుమోపు నాటికి ఆ ఖండమున 250కి పైగా భాషలు వ్యవహారమున నుండెను. అందు పెక్కు నేడు వినబడవు. కౌణ భాషయు నట్లే మూగవోయినది. అది మరల ఎట్లు వినవచ్చినదో తెలిసికొనవలె నన్నచో ముందు ఇద్దఱు జర్మను మతబోధకుల కథ వినవలెను.

టైకెల్మన్, షూర్మన్ అను ఆ యువకులు 1838లో అడిలైడు చేరిరి. స్థానికులకు క్రైస్తవమతమును బోధించుట వారి ఉద్దేశము. పరాయి మాటలలో చెప్పిన బోధ హృదయమున నాటదని తలచి వారు ముందుగా కౌణ భాషను నేర్వ నారంభించిరి. ముళ్ళవిరబుర్క, కడ్లిట్పిన్న, ఇత్యమయిట్పిన్న అను కౌణ పెద్దలు వారికి గురువులైరి. 1839 డిసెంబరులో టారెన్స్ నదీతీరమున ఒక చిన్న పాఠశాల తెఱచి అందు కౌణ భాషలోనే పిల్లలకు చదువు చెప్పిరి. మఱుసటి యేడు ఆ భాషకు వ్యాకరణమును, సుమారు 2,000 పదముల పట్టికను, సంభాషణ వాక్యములను కూర్చి అచ్చు వేయించిరి. ఆ పుస్తకముపై బోధకుల పేర్లు మాత్రమే కలవు. కాని అందలి ప్రతి మాటయు కౌణవారి నోట వెలువడినదే గదా!

ఆ పాఠశాల ఆఱేండ్లైన నిలువలేదు. 1845లో గవర్నరు గ్రే యాజ్ఞచే అది మూతపడెను. పిల్లలను ఇంగ్లీషు మాత్రమే నేర్పు వేఱొక పాఠశాలకు తరలించిరి. రోగములచేతను, భూములు కోల్పోవుటచేతను జనసంఖ్య క్షీణించెను. మిగిలినవారు చెదరిపోయిరి. ఇంటిలో పిల్లలతో మాటలాడువారు లేనప్పుడు ఏ భాష నిలుచును? విచిత్రమేమనగా, 1857లో టైకెల్మన్ కూర్చిన నిఘంటువు వ్రాతప్రతి ఆ గ్రేగారికే, ఆయన దక్షిణాఫ్రికాలో గవర్నరుగా నున్న కాలమున, చేరినది. కేప్‌టౌను గ్రంథాలయమున అది భద్రముగా నిలిచినది. ఏ చేయి పాఠశాలను మూసెనో ఆ చేయియే నిఘంటువును దాచెను!

ఇవారిచి యను వృద్ధురాలు 1929లో మరణించెను. కౌణ భాష నెఱిగిన చివరి వ్యక్తి ఆమెయే యని చెప్పుదురు. బోధకులకు గురువైన ఇత్యమయిట్పిన్న కూతురే ఈమె. తండ్రి పరాయివారికి చెప్పి వ్రాయించిన మాటలు గ్రంథములందు మిగిలినవి. కూతురితో వాడుక ముగిసినది.

అటుపై అఱువది యేండ్లు గడచెను. 1990లో కౌణ భాషలో కొన్ని పాటలు కూర్చి ఒక సంపుటమున ప్రకటించిరి. రాబ్ అమెరీ అను భాషాశాస్త్రజ్ఞుడును, కౌణ కుటుంబములలోని పెద్దలును కలిసి పాత గ్రంథములను వెలికితీసిరి. 1992లో అడిలైడునకు ఉత్తరముననున్న కౌణ ప్లెయిన్స్ పాఠశాలలో పిల్లలకు ఆ భాష నేర్ప నారంభించిరి. 2002లో లూయిస్ ఒబ్రయన్, అలిచ్య రిగ్నీ యను పెద్దలు అమెరీతో కలిసి భాషాభివృద్ధికై ఒక సంఘమును నెలకొల్పిరి.

ఈ పని తలచినంత సులభము కాదు. కౌణ మాతృభాషగా గలవారి కంఠధ్వని ఏ యంత్రమునను ముద్రింపబడలేదు. జర్మనుల చెవికి మూర్ధన్య ధ్వనులు స్పష్టముగా తెలియలేదు. కావున ఉత్తరమున గల సోదర భాషలతో పోల్చి ఉచ్చారణను నిశ్చయింపవలసి వచ్చెను.

ఇక క్రొత్త వస్తువుల మాట. 1840లో కంప్యూటరు లేదు. ముకముక యనగా మెదడు, కంటు అనగా మెఱుపు. రెండును కలిపి ముకంటు అనిరి. సంఖ్యల కథ ఇంకను ముచ్చటైనది. పాత గ్రంథములందు నాలుగు వఱకే అంకెలకు పేర్లుండెను. అయితే కౌణవారు పుట్టిన వరుసనుబట్టి బిడ్డలకు పేర్లు పెట్టెడివారు. ఐదవ మగబిడ్డకు మిలైచ్య యని పేరు. అందుండి మిల యను భాగమును గ్రహించి ఐదునకు పేరుగా నిర్ణయించిరి. ఆఱు మొదలు తొమ్మిది వఱకును ఇట్లే ఏర్పఱచిరి. బయటినుండి ఎరువు తేక తమ యింటి పేటికలోని నగనే మార్చి చేయించుకొన్నట్లున్నది ఈ యుపాయము.

ఇది పాత భాష కాదు, నేటివారి కల్పనయని కొందఱాక్షేపింతురు. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. నేటి వాక్యములందు ఇంగ్లీషు పోకడలు లేకపోలేదు. తెగిన త్రాడును ముడివేసిన ముడి కనబడక మానదు. అయినను ఏ మాట నంగీకరింపవలెను, ఏ మాటను విడువవలెను అనునది ఆ జాతివారే నిర్ణయించుచున్నారు. పూర్వము వారి మాటలను పరులు వ్రాసికొనిరి. ఇపుడు వారే వ్రాసికొనుచున్నారు.

నగరమధ్యముననున్న విక్టోరియా చౌకమునకు 2002లో కౌణ నామమును గూడ చేర్చిరి. ఒకరినొకరు కలిసికొన్నపుడు "నీన మణి?" అని పలుకరింతురు. నీవు బాగుంటివా యని దానికర్థము. 2006లో అమెరీయు, రిగ్నీయు కలిసి మఱియొక గ్రంథమును సిద్ధము చేసిరి. ఆప్తులు మరణించినపుడు పలుకవలసిన మాటలు, ప్రార్థనలు అందు కౌణ భాషలో కలవు. సరియైన ఉచ్చారణకై దానితోపాటు ధ్వనిఫలకమును గూడ జతచేసిరి. పుట్టుకనుండి ఇంగ్లీషులోనే మాటలాడిన కుటుంబమువారు సైతము నేడు సమాధిచెంత నిలిచి, తమ పెద్దలను సాగనంపునపుడు, పూర్వుల పలుకులతోనే వీడ్కోలు చెప్ప వీలు కలిగినది.