పదమూడు బళ్ల పాఠం

మేనకోడలికి,

నీ ఉత్తరం అందిందమ్మా. ఆటోమొబైల్ డిప్లొమాలో చేరినందుకు చాలా సంతోషం. అమెరికాలో కార్ల పరిశ్రమ హెన్రీ ఫోర్డుతోనే మొదలైందా అని అడిగావు. కాదు. ఫోర్డు మోటార్ కంపెనీ పుట్టింది 1903లో. అంతకు ఏడేళ్ల ముందే, 1896లో, ఒకే నమూనాలో వరసగా కార్లు చేసి అమ్మిన కంపెనీ ఒకటుంది. అదే డ్యూరియా మోటార్ వ్యాగన్ కంపెనీ. 1898 కల్లా మూతపడింది. పని నేర్చుకునేవాళ్లు దాని కథ తప్పక తెలుసుకోవాలి.

దాన్ని పెట్టిన చార్లెస్ డ్యూరియా, ఫ్రాంక్ డ్యూరియా అన్నదమ్ములు. ఇద్దరూ సైకిళ్ల పనిలో ఆరితేరినవాళ్లు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో 70 డాలర్లు పెట్టి పాత గుర్రపు బగ్గీ ఒకటి కొని, దానికి ఒంటి సిలిండర్ పెట్రోలు ఇంజన్ బిగించే పనికి పూనుకున్నారు. పని సాగుతుండగానే అన్న చార్లెస్ ఇలినాయ్ వెళ్లిపోయాడు. భారమంతా తమ్ముడి మీద పడింది. మొదటి ఇంజన్ సరిగా పనిచేయకపోతే ఫ్రాంక్ దాన్ని మళ్లీ రూపొందించి విద్యుత్ నిప్పురవ్వతో మండేలా చేశాడు. 1893 సెప్టెంబరులో బండి వీధిలోకి వచ్చి కదిలింది. అయితే ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే రాపిడి డ్రైవు జారిపోతూ ఉండేది. కదిలింది కదా అని అతను సరిపెట్టుకోలేదు. దాన్ని తీసేసి గేర్లు పెట్టాడు.

1895 నవంబరు 28న షికాగోలో ఒక పత్రిక రేసు పెట్టింది. ఊరినుంచి ఇవాన్‌స్టన్ దాకా పోయి తిరిగి రావాలి, సుమారు 54 మైళ్లు. దారంతా మంచు, బురద. బయలుదేరినవి ఆరు బళ్లు: మూడు జర్మన్ బెంజ్‌లు, రెండు బ్యాటరీ బళ్లు, ఒక డ్యూరియా. డ్యూరియాను నడిపినవాడు ఫ్రాంక్. దారిలో స్టీరింగ్ కడ్డీ విరిగింది. అతను కమ్మరి కొలిమి వెతుక్కుని, కొత్తది సాగగొట్టి బిగించుకుని మళ్లీ బయలుదేరాడు. పది గంటలకు పైగా పట్టినా గమ్యం చేరి, 2,000 డాలర్ల మొదటి బహుమతి గెలిచాడు. ఆరింటిలో చివరిదాకా వచ్చినవి రెండే. చూడు తల్లీ, ఆ రోజు గెలిపించింది ఇంజన్ వేగం కాదు, విరిగిన చోటనే బాగు చేసుకోగలిగిన చేతి విద్య.

మరుసటి ఏడు కంపెనీ 13 బళ్లు చేసింది, అన్నీ ఒకే నమూనావి. నీకు 13 చాలా చిన్న సంఖ్యగా కనిపించవచ్చు. కానీ ఒక్క బండి నడవాలంటే నేర్పు చాలు. పదమూడు ఒకేలా రావాలంటే డ్రాయింగు కావాలి, కొలత తప్పకూడదు, ముందు ఏ భాగం, తర్వాత ఏ భాగం అన్న వరస కావాలి. పరిశ్రమ అక్కడే మొదలవుతుంది. ఆ 13లో మిగిలిన ఒక్క బండీ ఇవాళ డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

ఇంత చేసినవాళ్లు ఎందుకు నిలవలేదు? బండి కంటే ముందు బంధం విరిగింది. ఊహ నాదని అన్న, తయారీ నాదని తమ్ముడు వాదించుకున్నారు. కంపెనీ ముగిశాక చార్లెస్ పెన్సిల్వేనియాలో మరో సంస్థ పెట్టుకున్నాడు. ఫ్రాంక్ స్టీవెన్స్ అనే కంపెనీతో కలిసి స్టీవెన్స్-డ్యూరియా కార్లు చేశాడు. చార్లెస్ 1938లో, ఫ్రాంక్ 1967లో పోయారు, కానీ ఘనత ఎవరిదన్న తగువు మాత్రం తేలలేదు.

అందుకే నీకు రెండు మాటలు చెబుతున్నాను. వర్క్‌షాపులో తేదీ వేసి పుస్తకం రాసుకో: ఏం మార్చావు, ఎందుకు మార్చావు, ఎవరు చెప్పారు, ఎవరు చేశారు. పక్కవాడి ఆలోచన వాడుకుంటే కింద వాడి పేరు రాయి. నీ చేతి పనికి నీ పేరు రాసుకోవడానికి మొహమాటపడకు. రెండోది, ఒక భాగం చేయడం వచ్చేసిందని ఆగకు. అదే కొలతకు రెండోది, మూడోది చెయ్యి, మూడింటినీ మార్చి మార్చి బిగించి చూడు. మూడూ ఒకేలా కూర్చున్న రోజున నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ మావయ్య