ఓడిన జట్టును నడిపించువాని గూర్చి

చదువవలసిన వాక్యభాగములు: లూకా 13:6–9, సంఖ్యాకాండము 14:1–19, 1 రాజులు 22:1–28, అపొస్తలుల కార్యములు 15:36–40.



గడచిన సంక్రాంతి దినములలో కోటబొమ్మాళి రైలుస్టేషను దాపున ఒక టీ దుకాణములో కూర్చుండి యుండగా ఇద్దరి సంభాషణ మా చెవిని బడినది. వారి యూరి కబాడీ జట్టు పండుగ పోటీలలో వరుసగా మూడవ యేడును ఓడిపోయినది. జట్టునకు ఆట నేర్పువాడు ఒక డ్రిల్లు మాస్టారు. ఇద్దరిలో పెద్దవాడు గ్లాసు బల్లమీద ఠపీమని పెట్టి, "ఈ మేష్టర్ని మార్సీయాల అల్లుడూ. మూడేళ్లు సూసినాం, ఇంకేటి సూత్తాం?" అనెను. చిన్నవాడు కొంతసేపు ఊరకుండి, "తప్పు నేదని నానన్ను మావా. ఆడించడం బాగోనేదు, నిజిమే. కుర్రోల్లు కొత్తోల్లు. ఇంకొక్క ఏడు ఒగ్గీ. పొద్దున్న పూట నాను కూడా ఎల్లి ఆల్ల చేత పరుగు పెట్టిత్తాను. అప్పటికీ అవ్వకపోతే నువ్వన్నట్టే సేద్దాం" అనెను.

మేము ఇంటికి వచ్చి లూకా సువార్త 13వ అధ్యాయము తెరచితిమి. అక్కడను మూడేండ్లే. అక్కడను ఒక్క యేడాదికి ఒగ్గుమనుటయే. ద్రాక్షతోటలో నాటిన అంజూరపు చెట్టు మూడేండ్లుగా కాయలేదు, యజమానుడు నరికివేయుమన్నాడు, తోటమాలి అడ్డము వచ్చినాడు. మన ప్రాంతపు పల్లె మాటలోనికి ఈ ఉపమానము ఎంత సులువుగా దిగివచ్చినదో చూచి ఆశ్చర్యపడితిమి.

ఉద్దానపు రైతునకు ఈ ఉపమానమును ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. తిరిగి నాటిన మొక్క ఆ యేడే కాయదు. కాపు లేని మొక్కకు యేండ్ల తరబడి పాదు తీసి గత్తము వేసి నీరు పోయుట యనగా నేమో వారికి తెలియును. ఎప్పటికిని కాయని చెట్టును కొట్టివేయుటయు వారికి తెలియును. రెండును తెలిసినవాడే మంచి రైతు.

ఈ ఉపమానమును సాధారణముగా దేవుని దీర్ఘశాంతమును గూర్చి బోధింతురు; అది సరియే. అయితే మా చూపు ఈసారి తోటమాలిమీద నిలిచినది. అతడు చెట్టు పక్షముగా ఎట్లు మాటలాడినాడో గమనింపుడు. చెట్టు కాచినదని అతడనలేదు. నేల మంచిది కాదనియు, వానలు తప్పినవనియు, పొరుగువాని చెట్టును కాయలేదనియు సాకులు చెప్పలేదు. మూడేండ్ల లెక్క నిజమని ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని గడువు అడిగినాడు. ఆ గడువులో తన చేతులతో తాను చేయబోవు పని యేమో చెప్పినాడు. అటుపిమ్మటను కాయనియెడల నరికివేయవచ్చునని తన నోటితోనే చెప్పినాడు. టీ దుకాణములోని ఆ చిన్నవాడు ఈ అధ్యాయము చదివియుండడనుకొందుము. అయినను అతని మాటలో ఇవన్నియు ఉన్నవి.

మనము సామాన్యముగా మాటలాడు తీరు వేరు. ఆట నేర్పువాడు మన వీధివాడైనయెడల ఓటమికి అంపైరు కారణము. పై వీధివాడైనయెడల అదే ఓటమికి అతడే కారణము. తీర్పు తీర్చువారికిని, వెనుక వేసికొని వచ్చువారికిని ఈ జబ్బు సమానమే.

ఇట్టి తీర్పులు ఎంత కష్టమైనవో తెలియుటకు మన తెలుగు నేలమీదనే ఒక పెద్దమనిషి చరిత్ర కలదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదు వాస్తవ్యులు, 1909లో జన్మించిరి. వృత్తిచేత ఉపాధ్యాయులు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకులై, బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు ఐదేండ్లు వరుసగా గెలిపించిరి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన నడిపిన భారత జట్టు ఇరానును 1–0తో ఓడించి స్వర్ణ పతకము పొందినది.

మరుసటి యేడే హెల్సింకీ ఒలింపిక్సు. 1952 జూలైలో యుగోస్లావియా మనమీద పది గోల్స్ వేసినది; మనము వేసినది ఒకటి. మనవారిలో పలువురు ఆ చలిదేశములో బూట్లు లేక వట్టి కాళ్లతో ఆడిరి. మనలను ఓడించినవారు చివరి ఆట వరకు వెళ్లి రజత పతకము పొందినవారే గాని, పదికి ఒకటి యనునది పదికి ఒకటియే. రహీం గారి స్నేహితుడెవడైనను ఆ అంకెను కప్పిపుచ్చవలెనని చూచినయెడల ఆయనకు మేలు చేసినవాడు కాడు. ఆ ఓటమి పిమ్మటనే మన దేశపు ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు తప్పనిసరి చేసిరి. తోటమాలి చుట్టు త్రవ్వుట యనగా ఇదియే.

రహీం గారు త్రవ్విన తీరును చెప్పదగినది. ఒక కాలు బలహీనముగా నున్న ఆటగాడు ఆ కాలితోనే తన్నవలెనని పోటీలు పెట్టువారు. బంతిని కాళ్లవద్ద ఉంచుకొని పరుగెత్తరాదు, వెంటనే తోటివానికి అందింపవలెనని మరికొన్ని పోటీలు. చూచువారికి ఇందులో సంబరమేమియు లేదు. గ్యాలరీలో కూర్చున్నవాడు గోల్స్ లెక్కించును గాని, ఉదయము ఆరు గంటలకు ఎడమకాలితో బంతి తన్నుచున్న కుర్రవానిని లెక్కించడు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సునకు జట్టును మరల ఆయనయే నడిపిరి. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఆసియా ఖండమునుండి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన మొదటి జట్టుగా మనవారు పేరు పొందిరి. నాల్గవ స్థానము లభించినది. 1960లో రోములో ఒక్క ఆటయు గెలువలేదు, మన గుంపులో చివరివారమైతిమి. కాబట్టి 1956 ఘనత, 1960 వైఫల్యము అని వాడుకలో అందురు. కొంచెము దగ్గరగా చూడుడు. 1956లో మొదటి ఆట హంగేరీ రానందున ఆడకయే ముందుకు పోతిమి. గెలిచినది ఒక్క ఆట మాత్రమే. తరువాత యుగోస్లావియాతో 4–1, బల్గేరియాతో 3–0 ఓడితిమి. 1960లోనో, కాంస్య పతకము పొందిన హంగేరీతో 2–1 మాత్రమే ఓడితిమి. ఫ్రాన్సుతో 1–1 సమానముగా నిలిచితిమి. పెరూతో 3–1 ఓడితిమి. ఈ రెంటిలో ఏ జట్టు మేలైనదో తేల్చి చెప్పుట మా వల్ల గాదు. పట్టికలోని స్థానము చూచి తీర్పు చెప్పువానికి మాత్రము సందేహమే లేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటనే దక్షిణ కొరియాతో 2–0 ఓడిరి. ఆ దినమున మన దేశమునందలి టీ దుకాణములలో ఏమి మాటలు నడచియుండునో ఊహింపవచ్చును. తరువాత థాయిలాండును 4–1, జపానును 2–0 ఓడించిరి. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. అతడు వెనుక నిలిచి గోలును కాపాడు ఆటగాడు. రహీం గారు ఆ గాయపడిన రక్షకుని సెమీఫైనలులో ముందువరుసకు తెచ్చి గోల్ వేయువానిగా నిలిపిరి. అతడు గోల్ వేసినాడు. దక్షిణ వియత్నాముపై 3–2తో గెలిచితిమి. సెప్టెంబరు 4న చివరి ఆట. లక్షమంది జనము, వారిలో అధికులు మనకు విరోధముగా కేకలు వేయుచుండగా, పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి వేసిరి. మొదట మనలను ఓడించిన కొరియానే 2–1తో ఓడించి స్వర్ణము తెచ్చిరి. ఈ మాట వ్రాయునాటికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరల స్వర్ణము రాలేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుదము. జర్నైల్ సింగ్ తన్నిన బంతి స్తంభమునకు తగిలి బయటికి పోయినయెడల? తల పగిలిన రక్షకుని ముందుకు తెచ్చిన శిక్షకునికి మతి యున్నదా యని అడిగియుందురు కదా. అదే మనిషి, అదే ఆలోచన, అదే సాహసము. నాలుగు అంగుళముల తేడాతో జ్ఞాని మూర్ఖుడగును. 

ఇట్టి లెక్క మన జిల్లాకును తెలిసినదే. ఆమదాలవలస దాపుననున్న ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యము పొందినది. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత స్త్రీ. ఆమెకు పైన నిలిచిన ఇద్దరును ఎత్తినది 242.5 కిలోలు. చివరి ప్రయత్నమునకు ఆమె 137.5 కిలోలు పెట్టించుకొనెను, ఎత్తగలిగినయెడల స్వర్ణమే, ఎత్తలేకపోయెను. 132.5 చాలునుగదా, శిక్షకుల లెక్క తప్పినదని ఈనాటికిని వాదించువారున్నారు. వారి కూడిక సరియే. అయితే ఆ కూడిక బరువు క్రింద పడిన తరువాత చేసినది.

ఇంతవరకు తీర్పు తీర్చువారిని మందలించితిమి. వెనుక వేసికొని వచ్చువారి సంగతియు చెప్పకపోయినయెడల పక్షపాతమగును. 1 రాజులు 22వ అధ్యాయములో అహాబు రాజు చుట్టు సుమారు నాలుగువందలమంది ప్రవక్తలు చేరి, యుద్ధమునకు పొమ్ము, గెలుపు నీదే యనిరి. మీకాయా ఒక్కడు కాదనెను. అతని చెంప పగులగొట్టి చెరసాలలో వేసిరి. అహాబు ఆ యుద్ధమున చచ్చెను. ఆ నాలుగువందలమందియు రాజునకు అభిమానులే. శిక్షకునిమీద ఎవరైనను ఒక్క మాట యన్నంతనే చొక్కా పట్టుకొనువారు ఇట్టివారు. వారి అభిమానము గట్టిదే గాని, అందువలన జట్టునకు ఒక్క పాయింటును రాదు. డ్రిల్లు మాస్టారికి కావలసినది చప్పట్లు కాదు, ఉదయము వచ్చి కుర్రవారిచేత పరుగు పెట్టించువాడు.

సంఖ్యాకాండము 14వ అధ్యాయమును ఈ దృష్టితో మరల చదువుడు. వేగులవారు తెచ్చిన చెడు వార్త విని జనులు రాత్రియంతయు ఏడ్చి, మరియొక నాయకుని ఏర్పరచుకొని ఐగుప్తునకు తిరిగిపోదమని ఒకరితో నొకరు చెప్పుకొనిరి. సముద్రము దాటిన జనులే వారు. యెహోషువయు కాలేబును లేచి మాటలాడగా వారిమీదను రాళ్లు రువ్వజూచిరి. అయితే ఆ అధ్యాయములో మాకు వింతగా తోచినది వేరు. కొన్ని వచనముల తరువాత ఆ జనుల పక్షమున బతిమాలుకొన్నవాడు ఎవడు? వారు తీసివేయవలెనన్న మోషేయే.

అమెరికాకు చదువులకు వెళ్లిన మన పిల్లలకు ఈ కథ మరియొక రూపమున తెలియును. అక్కడి విశ్వవిద్యాలయములలో ఫుట్‌బాల్ అనగా కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకొని పరుగెత్తు ఆట. దానిని నేర్పువానికి ఆ విశ్వవిద్యాలయపు అధ్యక్షునికంటె హెచ్చు జీతముండుట కద్దు. 2023 నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము జింబో ఫిషర్ అను శిక్షకుని తీసివేసినది. ఒడంబడిక ప్రకారము అతనికి చెల్లింపవలసిన సొమ్ము ఏడున్నర కోట్ల డాలర్లకు మించినది. ఆరు సంవత్సరములలో అతడు ఓడినవాటికంటె గెలిచిన ఆటలే హెచ్చు. ఇంకొక్క యేడు ఒగ్గీ యనుటకు అక్కడ ఓపిక లేదు, డబ్బు మాత్రమున్నది.

చివరకు బర్నబా. పంఫూలియలో తమ్మును విడిచి వెళ్లిపోయిన మార్కును రెండవ ప్రయాణమునకు తీసికొనిపోరాదని పౌలు అనెను. పౌలు మాటలో అబద్ధము లేదు; కుర్రవాడు పని నడుమ విడిచిపోయినది నిజము. బర్నబాయు అది కాదనినట్లు లేఖనములో లేదు. బర్నబా చేసినది ఒకటే: అతనిని వెంటబెట్టుకొని ఓడయెక్కి కుప్రకు వెళ్లెను. పౌలంతటివానితో స్నేహము చెడినను వెళ్లెను. కుప్రలో మార్కునకు ఏమి నేర్పెనో, ఎన్నియేండ్లు పట్టెనో లూకా వ్రాయలేదు. అపొస్తలుల కార్యములలో బర్నబా పేరు అంతటితో ఆగిపోవును.

రహీం గారు జకార్తాకు వెళ్లునాటికే ఊపిరితిత్తుల కేన్సరుతో నుండిరి. స్వర్ణము వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న మరణించిరి. ఆయన కథను 'మైదాన్' అను హిందీ చలనచిత్రముగా తీసి 2024లో చూపించిరి. అప్పటికి అరువది యేండ్లు దాటినవి. పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయము, 11వ వచనములో, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు అతడు తనకు పరిచర్యలో ఉపయోగపడుననియు కోరుచున్నాడు. బర్నబా పేరు అక్కడ లేదు.

టీ దుకాణములోని మావకు అల్లుడు చెప్పిన గడువు వచ్చు సంక్రాంతి వరకున్నది. మొన్న ఉదయము ఆ యూరి మీదుగా పోవుచు చూచితిమి. మంచు ఇంకను విడలేదు. చెరువు గట్టుమీద పదిమంది కుర్రవాండ్రు పరుగెత్తుచున్నారు. ముందు మాస్టారు, వెనుక ఆ చిన్నవాడు లుంగీ ఎగగట్టి రొప్పుచు వచ్చుచున్నాడు.