ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్

అనంతపురంలో ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పాత అంబాసిడర్ పెట్రోలు బండికి డిస్ట్రిబ్యూటర్ పని పెట్టుకున్న మేస్త్రీ పొద్దున ఆరున్నరకే బానెట్ ఎత్తుతాడు. అప్పటికి ఇంజను చల్లగా ఉంటుంది, లోపల చేయి పెట్టినా కాలదు. పనికి రెండు గంటలు పడుతుంది. రెండు స్క్రూడ్రైవర్లు, చిన్న స్పానర్లు, ఫీలర్ గేజి, వైర్లు కట్టిన 12 వోల్టుల బల్బు, నూలు గుడ్డ ఉంటే చాలు.

బండి ముందే చెబుతుంది. సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా అందుకోదు. అందుకున్నా మిస్సింగ్ కొడుతుంది, ఎత్తు ఎక్కేచోట పికప్ ఉండదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల మీద తేమ కంటే ఎర్రదుమ్ము, వేడి ఎక్కువ బాధ పెడతాయి. దుమ్ము క్యాపు లోపలికి చేరుతుంది. వేడికి గ్రీజు ఎండిపోతుంది, కండెన్సర్ నీరసిస్తుంది.

అంబాసిడర్‌లో ఎక్కువకాలం నడిచింది 1489 సీసీ పెట్రోలు ఇంజను. బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా ఈ కార్లు తయారయ్యాయి. డీజిల్ రకానికి స్పార్కుతో పనే లేదు కనుక ఈ డిస్ట్రిబ్యూటరూ ఉండదు. పెట్రోలు బండిలో దీని పని చెరువు కింద నీరుగంటి చేసేదే: వంతు తప్పకుండా, వేళ తప్పకుండా, ఒక్కో మడికీ అందించడం. ఇక్కడ మళ్ళు నాలుగు సిలిండర్లు, నీళ్ళు వేల వోల్టుల కరెంటు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ 1500 చుట్లు తిరుగుతుంది, సెకనుకు 100 స్పార్కులు పంచుతుంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ పద్ధతి 1910 నాటి కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. మన దేశంలో ఇలాంటి సామాను కోసం మద్రాసు పాడిలో 1961లో లూకాస్ టీవీఎస్ మొదలైంది.

మొదట బ్యాటరీ ఎర్త్ వైరు తీస్తాడు. నాలుగు ప్లగ్ వైర్లకూ నంబరు రాసిన ప్లాస్టర్ ముక్కలు చుట్టి, రెండు స్ప్రింగ్ క్లిప్పులు నొక్కి క్యాపు ఎత్తుతాడు. గుడ్డతో లోపల తుడిచి వెలుగులో తిప్పి చూస్తాడు. నడుమ బొగ్గు ముక్క స్ప్రింగు మీద లోపలికీ బయటికీ కదలాలి. చుట్టూ ఉన్న నాలుగు లోహపు బిళ్ళల మధ్య వెంట్రుకంత సన్నని నల్లగీత కనిపించినా ఆ క్యాపు పక్కన పడేయాల్సిందే. స్పార్కు ఆ గీత వెంట పారిపోతుంది, ప్లగ్గు దాకా రాదు.

తర్వాత ప్లగ్గులు నాలుగూ విప్పుతాడు. దాంతో ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. టాప్ గేరులో వేసి బండిని ముందుకు నెడుతూ ఒకటో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ చివరికి తెస్తాడు. గుర్తు ఏమిటంటే, నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ, ఒకటి తెరుచుకుంటూ ఊగుతుంటాయి. అప్పుడు షాఫ్ట్ కొసన తిరిగే రోటర్ మూతి ఎటు చూస్తున్నదో డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద సుద్దతో గీస్తాడు. అదే ఒకటో నంబరు తావు.

రోటర్‌ను నిటారుగా పైకి లాగి తీశాక షాఫ్ట్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పక్కకు ఊపుతాడు. ఆట తెలిసిందంటే బుష్ అరిగినట్టే. అలాంటి దాంట్లో కొత్త పాయింట్లు వేసినా గ్యాప్ నిలవదు. ఆ తర్వాత వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీలుస్తాడు. లోపలి ప్లేటు కదిలి, పీల్పు ఆపేదాకా అలాగే నిలిస్తే డయాఫ్రమ్ బాగున్నట్టు. కదిలీ వెంటనే వెనక్కి జారితే చిల్లి పడినట్టు.

ఇప్పుడు పాత పాయింట్లు. ఇవి రెండు చిన్న లోహపు ముఖాలు. ఒకటి కదలదు, రెండోది క్యామ్ తోస్తే తెరుచుకుని స్ప్రింగు బలంతో మూసుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్‌లో ఒక స్పార్కు పుడుతుంది. నట్టు విప్పేముందు మేస్త్రీ ఫోనుతో ఫొటో తీసుకుంటాడు. ఆ నట్టు కింద వైర్లు, కరెంటు పారని వాషర్లు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో తిరిగి కూర్చోవాలి. ఒక్క వాషర్ తారుమారైతే పాయింట్ ఎర్త్ అయిపోతుంది, ఇక స్పార్కే ఉండదు. విప్పిన పాయింట్లను చూస్తే ఒక ముఖం మీద గుంట, ఎదుటి ముఖం మీద బొడిపె కనిపిస్తాయి. అవి ఎక్కువగా ఉంటే అనుమానం కండెన్సర్ మీదికి పోతుంది. పాయింట్లు తెరుచుకునే క్షణంలో అక్కడ నిప్పు లేవకుండా కరెంటును తనలోకి తీసుకునేది అదే. అందుకే రెండూ కలిపి మారుస్తారు.

అంబాసిడర్లు తగ్గిన కొద్దీ ఈ సామాను ఊళ్ళో అరుదైపోయింది. సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు జేసీ రోడ్డులో వెతికితే దొరుకుతుంది. పాయింట్లు, కండెన్సర్, రోటర్, క్యాపు ఒక్కొక్కటీ వందల్లోనే. నాలుగూ కలిపినా నలభై లీటర్ల పెట్రోలు డబ్బు కాదు.

కొత్త పాయింట్ల ముఖాల మీద తుప్పు పట్టకుండా పూసిన పూత ఉంటుంది. దాన్ని పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచాకే బిగిస్తాడు. కండెన్సర్ కూర్చునే చోటును ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్దుతాడు, ఎందుకంటే దాని ఎర్త్ ఆ ఒక్క స్క్రూ ద్వారానే అందాలి.

అసలు పని ఇక్కడే ఉంది. బండిని కొద్దికొద్దిగా నెట్టి, పాయింట్ హీలు, అంటే క్యామ్‌ను రాసుకునే ఫైబర్ ముక్క, క్యామ్ మూల మీద సరిగ్గా నిలిచేలా చేస్తాడు. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న స్థితి అది. ఆ సందులో 15 థౌ రేకు దూరుస్తాడు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 15 థౌ మిల్లీమీటరులో 0.38. రేకు ఆగకూడదు, వదులుగా జారకూడదు, వేళ్ళకు సన్నని పట్టు తగలాలి. చాలకపోతే స్క్రూ కొంచెం వదిలి, గాటులో స్క్రూడ్రైవర్ మొన తిప్పి సరిచేస్తాడు. స్క్రూ బిగించేటప్పుడు గ్యాప్ మళ్ళీ కదులుతుంది కనుక బిగించాక రెండోసారి రేకు పెడతాడు. నాలుగు మూలల మీదా కొలిచి చూస్తాడు. ఒక్కో మూలకు ఒక్కో కొలత వస్తే తప్పు షాఫ్ట్‌ది. చివరికి శుభ్రమైన అట్టముక్క పాయింట్ల మధ్య దూర్చి లాగుతాడు, రేకు జిడ్డు అంటి ఉంటే అది పోవాలని.

నూనె విషయంలో చేయి బిగబట్టాలి. క్యామ్ మీద వేలికొసకు అంటినంత గ్రీజు, రోటర్ కింద షాఫ్ట్ నడుమ రెండు చుక్కల ఆయిలు, అంతే. ఎక్కువైతే ఈ ఎండలకు కరిగి పాయింట్ల మీదికి పారి వాటిని కాల్చేస్తుంది.

గ్యాప్ కుదిరాకే టైమింగ్. గ్యాప్ పెరిగితే పాయింట్ ముందే తెరుచుకుంటుంది, తగ్గితే ఆలస్యంగా తెరుచుకుంటుంది. అందువల్ల టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే మొదటికొస్తుంది. మేస్త్రీ బండి కిందికి దూరి పుల్లీ గాటుకు సుద్ద రాస్తాడు. టైమింగ్ కవరు అడుగున మూడు ముళ్ళుంటాయి. పొడవాటిది పిస్టన్ పైకొసకు వచ్చిందని చెబుతుంది, పొట్టివి దానికి 5, 10 డిగ్రీల ముందు తావులు. మోడల్‌కు మాన్యువల్ చెప్పిన డిగ్రీకి గాటును తెస్తాడు. గాటు దాటిపోతే కొంచెం వెనక్కి నెట్టడంతో సరిపెట్టడు. బాగా వెనక్కి తీసి మళ్ళీ ముందుకే తెస్తాడు, చైను వదులు లెక్క తప్పించకుండా.

బ్యాటరీ కలిపి, టెస్ట్ బల్బు వైరు ఒకటి కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే తీగకు, రెండోది ఎర్త్‌కు పెట్టి తాళం తిప్పుతాడు. క్లాంపు బోల్టు వదులు చేసి బాడీని రోటర్ తిరిగే వైపు, అంటే గడియారానికి ఎదురు దిక్కుకు, బల్బు ఆరేదాకా తిప్పుతాడు. తర్వాత దానికి ఎదురువైపు మెల్లగా తిప్పుకుంటూ వస్తాడు. బల్బు వెలిగిన క్షణం పాయింట్ తెరుచుకున్న క్షణం. అక్కడే ఆపి బోల్టు బిగిస్తాడు. తాళం వెంటనే ఆపుతాడు. పాయింట్లు మూసుకుని ఉండగా కరెంటు పారుతూ ఉంటే కాయిల్ కాలుతుంది.

ప్లగ్గుల గ్యాప్ 25 థౌకు సరిచేసి బిగిస్తాడు. రోటర్, క్యాపు పెడతాడు. సుద్ద గీసిన తావు నుంచి మొదలుపెట్టి ఎడమకు తిరుగుతూ ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో వైర్లు గుచ్చుతాడు. సెల్ఫ్ కొడితే బండి మొదటి పట్టుకే అందుకుంటుంది.

ఇంజను వేడెక్కాక 44వ నంబరు జాతీయ రహదారి మీదికి తీస్తాడు. టాప్ గేరులో నలభై వేగంలో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాడు. ఇంజనులో సన్నగా టకటక వినిపించి, వేగం అందుకోగానే పోతే టైమింగ్ కుదిరినట్టు. ఆ చప్పుడు ఆగకుండా ఉంటే ముందుకు జరిగింది, అసలు వినిపించక బండి బరువుగా లాగితే వెనక్కి జరిగింది. ఈ కాస్త తేడాకు బోల్టు విప్పక్కర్లేదు. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ పక్కన గరుకు అంచుల చిన్న చక్రం ఉంటుంది. వేలితో తిప్పితే టిక్కుటిక్కుమంటూ జరుగుతుంది. దాని కడ్డీ మీద ఒక్క గీత సుమారు 5 డిగ్రీలు.

కొత్త హీలు మొదట్లో త్వరగా అరుగుతుంది కనుక 500 కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్ళీ తెమ్మంటాడు. ఆపైన 5000కు ఒకసారి గ్యాప్ చూడాలి, 10,000కు పాయింట్లు మార్చాలి. గ్యాప్‌తో పనిలేని ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళు ఇప్పుడు దొరుకుతున్నాయి, ఇదే క్యాపు కింద ఇమిడిపోతాయి. అవి బాగానే పనిచేస్తాయి. అయితే గుత్తి దాటాక నడిరోడ్డు మీద ఆగిపోతే వాటిని విప్పి చేసేదేమీ ఉండదు. పాయింట్లు ఆగిపోతే స్క్రూడ్రైవర్, అట్టముక్క, గ్యాప్ తెలిసిన వేళ్ళు ఉంటే బండి ఊరు చేరుతుంది. అందుకే ఈ బండ్లు నడిపేవాళ్ళు డ్యాష్‌బోర్డు అరలో ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్, 15 థౌ రేకు ఎప్పుడూ ఉంచుకోవాలి.